ముందు ఎదుటివాళ్ళ మాట

వీధి మలుపులో కుట్టుమిషను ముందు కూర్చునే ఆవిడని అందరూ కత్తెరమ్మ అంటారు. బట్టలకే కాదు, మాటలకి కూడా కత్తెర పెడుతుందని ఆ పేరు. ఆ కత్తెరకి ఎదురు నిలిచేవాడు ఒక్కడే, ఆవిడ కొడుకు. చిన్న వ్యానులో ఇంటింటికీ మంచినీళ్ళ క్యాన్లు వేస్తాడు. తల్లీ కొడుకులకి ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరి మాట మాత్రం ఒకరికి పడదు.

ఆ ఇంట్లో పోట్లాటకి కూడా ఒక పద్ధతుంది. చొక్కా సరిచెయ్యాలంటే ముందు తిరగేసి లోపలి కుట్లు చూస్తాం కదా, వాదన కూడా అంతేనని కత్తెరమ్మ పట్టు. ముందు ఎదుటివాళ్ళ మాట చెప్పాలి. మొక్కుబడిగా కాదు, వాళ్ళు విని “అవును, నేననేది అదే” అని ఒప్పుకునేదాకా చెప్పాలి. తర్వాతే మన మాట. వాడికి మీసాలు రాకముందు మొదలైన పద్ధతి, పెళ్ళయి అదే వీధిలో వేరు కాపురం పెట్టాక కూడా మారలేదు.

ఇప్పటి పేచీ వీధి గురించి. వీధిలోని బడి తెరిచేటప్పుడు, వదిలేటప్పుడు ఈ వీధిలోకి బళ్ళు రాకూడదని కత్తెరమ్మ పంతం. ఆ మధ్య ఓ పాప పుస్తకాల సంచి పోతున్న బండికి తగులుకుంది. పాపని నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. దెబ్బలేం తగల్లేదు గానీ, చూసిన కత్తెరమ్మకి మాత్రం గుండె ఇంకా కుదుటపడలేదు. వీధి సంఘం మీటింగులో ఎలాగైనా నెగ్గాలని కూర్చుంది.

మీటింగు రోజు మధ్యాహ్నం కొడుకు అన్నానికొచ్చాడు. ఆవిడ పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది.

“బడి తెరిచే, వదిలే వేళల్లోనే జనం ఇళ్ళల్లో ఉంటారు. తర్వాత వెళ్తే అన్నీ తాళాలే. వ్యాను లోపలికి రాకపోతే క్యాన్లన్నీ నువ్వు మొయ్యాలి. అంతేనా?”

“మూడో అంతస్తు తాతగారిని మర్చిపోయావమ్మా. నేను తెచ్చి పెట్టకపోతే ఆయన క్యాను ఎత్తలేడు.”

“సరే, ఆయన కూడా.”

“అవును, నేననేది అదే. సాయంత్రం నిన్ను ఓడించి తీరతా, చూస్కో.”

“ముందు పెరుగన్నం తినరా, తర్వాత ఓడిద్దువుగాని.”

తీరా సాయంత్రమయ్యేసరికి వ్యాను టైరు పంక్చరైంది, వాడు మీటింగు వేళకి రాలేదు. వేరే తల్లయితే లోలోపల సంబరపడేది. ఈవిడ మాత్రం, మనిషి లేనప్పుడు వాడి మాట తగ్గించి చెప్పడం దొంగతనమే అనుకుంది. లేచి నిలబడి, కొడుకు తరఫు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. వాడి భుజాల నొప్పి చెప్పింది, తాతగారి దాహం చెప్పింది. వింటున్నవాళ్ళు అయ్యో పాపం అనుకున్నారు. చెప్పిందంతా చెప్పి, ఇక తన మాట ఎత్తుకుందామని ఊపిరి తీసుకుంది.

అధ్యక్షుడి మనసంతా ఇంట్లో టీవీలో వచ్చే మ్యాచి మీదుంది. “చక్కగా చెప్పారమ్మా! బళ్ళు రావాలన్నవాళ్ళు చేతులెత్తండి” అనేశాడు. బిలబిలమంటూ చేతులు లేచాయి.

“ఆగండాగండి! అది మావాడి మాట, నాది కాదు!”

“మరి ఇంతసేపూ వాయించింది మీరేగా?” అన్నాడు అధ్యక్షుడు. హాలంతా గొల్లున నవ్వింది. “మనిషికి ఒక్కసారే అవకాశం, కూర్చోండమ్మా.”

కత్తెరమ్మ తలతిప్పి చూసింది. గుమ్మంలో చేతులకి నల్లటి మరకలతో కొడుకు నిలబడి ఉన్నాడు. లేచిన చేతులన్నీ వాడి వైపువే. గమ్మునుంటే చాలు, గెలిచినట్టే.

“నా వంతు ఉందిగా” అంటూ వాడు లోపలికొచ్చాడు. పాప సంచి సంగతంతా చెప్పాడు. “ఆ రోజు నుంచి మా అమ్మ బడి గంట మోగితే మిషను ఆపేస్తుంది. ఆఖరి పిల్ల రోడ్డు దాటేదాకా కిటికీ దగ్గర నిలబడే ఉంటుంది. నాతో కూడా చెప్పలేదు, వ్యాన్లోంచి నేనే చూశాను. ఇంకో పిల్లని ఏ బండో అలా ఈడ్చుకుపోతే ఆవిడ తట్టుకోలేదు.” తల్లి వైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వనేది అదేనా?”

ఆవిడ అవునని తలూపింది.

మళ్ళీ చేతులెత్తించారు, ఈసారి లెక్క మారింది. బడి తెరిచే, వదిలే వేళల్లో బళ్ళు రాకూడదని తేలింది. ఆ కట్టడి వద్దన్న కాసిని చేతుల్లో ఒకటి నల్లటి మరకలది.

“నా తరఫున అంత మాట్లాడి, చెయ్యి అటెందుకు ఎత్తావురా?” అంది దారిలో.

“మాట నీది చెప్పాను. భుజాలు నావి కదమ్మా!”

మర్నాడు పొద్దున్నే వాడు వ్యాను వీధి చివర ఆపి, క్యాను భుజానికెత్తుకుని తల్లి గుమ్మంలోకి వచ్చాడు. తప్పు చేశానని కత్తెరమ్మ అనలేదు, అనుకోలేదు కూడా. పాత జీన్సు ప్యాంట్లు కత్తిరించి కుట్టిన గట్టి సంచి ఒకటి వాడి చేతిలో పెట్టింది. క్యాను సరిగ్గా అందులో పట్టింది.

వాడు సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “రెండు పక్కలా రెండు పిడులు పెట్టావేంటి? ఇది ఇద్దరు పట్టుకునేది కదా, రెండోవాళ్ళెవరు?”

కత్తెరమ్మ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దిగింది. “పట్టుకో. ముందు తాతగారింటికి పద.”