ఐదడుగుల బ్లేడుకు ఆమెన్

సూరత్ శివారు భేస్తాన్‌లో ఒక కిరాణా కొట్టు పైన మా తెలుగు సంఘానికి గది ఉండేది. కరోనా మొదటి ఏడాది మార్చిలో దానికి తాళం వేశాం. ఆ తర్వాత ఆరాధన అంతా ఫోన్‌లోనే. మగ్గాలు ఆగిపోయి ఊళ్లకు వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. వచ్చినవాళ్లందరికీ ఒకటే కోరిక: ఒక్కసారైనా కలిసి కూర్చోవాలి, ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసంలో, పాలుపొందాలి.

గదిలో కుదరదు. ఉన్ అనే ఊరు దాటాక సంఘానికి చిన్న ఖాళీ స్థలం ఉంది. ఆరుబయలు కాబట్టి కుర్చీలు ఎడంగా వేసుకోవచ్చు. కానీ అది నల్లరేగడి. వానల్లో బర్రెలు తొక్కిన గుంటలు ఎండి రాళ్లలా అయ్యాయి. పెద్దవాళ్లు నడిస్తే పడతారు. కొత్త సంవత్సరం మొదటి ఆదివారంలోపు దాన్ని చదును చేయాలని పాస్టర్ గారు అన్నారు.

ఆ స్థలం బాగోగులు అప్పటిదాకా నావే. కంచె కట్టింది నేను, తుమ్మకంప కొట్టింది నేను. సంఘంలో నాకు ముప్పై ఏళ్ల విశ్వాసం. పరిశుద్ధ గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా పదకొండుసార్లు చదివాను. ఎన్నిసార్లో లెక్కపెట్టుకున్నానంటేనే నేను ఎలాంటివాణ్నో తెలిసిపోతుంది.

ఆ ఏడాదే ఒక ఇంజినీరు మా ఫోన్ ప్రార్థనల్లో చేరాడు. గోదావరి వైపు మనిషి, హజీరా ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగం. విశ్వాసంలోకి వచ్చి నాలుగేళ్లే. నన్ను "అన్నా" అనేవాడు. నేను "సార్" అంటే "బ్రదర్ అనండి చాలు" అనేవాడు. అలా అనగలగడం కూడా నాకు గొప్పగా, అందుకే మంటగా ఉండేది. మేం ప్రార్థన చేస్తే అడిగినట్టు ఉంటుంది. ఆయన చేస్తే పక్కన కూర్చున్న దేవుడితో మాట్లాడినట్టు ఉండేది. ఆయన ముగించాక ఫోన్‌లో ఒక నిశ్శబ్దం వచ్చేది. నా ప్రార్థన తర్వాత ఎన్నడూ అది రాలేదు. లాక్‌డౌన్‌లో మా అందరి ఇళ్లకు బియ్యం పంపించాడు. నా భార్య కృతజ్ఞతతో వండింది. నాకు ముద్ద దిగేది కాదు.

ఆయనకు బార్డోలీ దగ్గర చిన్న తోట, అందులో పనికి ఒక పాత చిన్న ట్రాక్టరు ఉన్నాయి. స్థలం చదునుకు ఆ ట్రాక్టరు తెస్తానన్నాడు. వెనక తగిలించే బాక్స్ బ్లేడు మాత్రం సంఘం కొనాలి. అది అడుగు లేని ఇనుప పెట్టె. ముందున్న పళ్లు గట్టి నేలను పెకలిస్తాయి, వెనక పలక ఆ మట్టిని పెట్టెలో పోగుచేసి గుంటల్లో వదులుతుంది. అందరూ వింటుండగా పాస్టర్ గారు ఫోన్‌లో చెప్పారు: బ్లేడు ఇంజినీరు గారు చూసి తీసుకుంటారు, నేను తోడు వెళ్లాలి.

తోడు. సూరత్ రాకముందు జగిత్యాల వైపు ఒక ఆసామి దగ్గర ఏడేళ్లు ట్రాక్టరు నడిపినవాణ్ని నేను. చుట్టుపక్కల చెలకలన్నీ నా చేతి మీదే చదునయ్యాయి. ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. అడిగితే చెప్పేవాణ్ని. అడగలేదని కోపం పెట్టుకున్నాను కానీ, నాకై నేను చెప్పలేదు.

బార్డోలీ చెరకు ఊరు. వ్యవసాయ పనిముట్ల కొట్టు వెనక పెరట్లో రెండు బ్లేడులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఐదడుగులది, ఎర్రటి కొత్త రంగు, బరువైనది, పళ్లు మూడు. రెండోది నాలుగడుగులది, రంగు వెలిసింది, పళ్లు ఐదు. మేం వచ్చిన ట్రాక్టరు గేటు దగ్గరే ఆగి ఉంది. వెనక టైర్ల వెడల్పు నేను అడుగులు వేసి చూడనక్కర్లేదు. నాలుగడుగుల బ్లేడు ఆ టైర్ల జాడను సరిగ్గా కప్పుతుంది. ఐదడుగులది రేగడి మట్టితో నిండితే ఆ చిన్న బండి లాగలేదు, ముందు చక్రాలు లేస్తాయి. మూడు పళ్లతో ఆ నేల పెకలదు. ఇదంతా నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

కొట్టాయన పెద్దదాన్నే పొగిడాడు. దానితో పని సగం రోజులో అయిపోతుందట. ఇంజినీరు చుట్టూ తిరిగి చూసి, మాస్కు సర్దుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాకు మిషన్లు తెలుసు గానీ మట్టి తెలీదు. మీరేమంటారు?"

అడిగాడు. ఇన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. కానీ అడిగింది ఆయన కావడమే నాకు గిట్టలేదు. నేను చెబుతాను, బ్లేడు బాగా పనిచేస్తుంది, ఇంజినీరు గారు ఎంత మంచిది తెచ్చారో అని సంఘమంతా అంటుంది. ఆ మాటలు అక్కడే, ఆ పెరట్లోనే నా చెవుల్లో వినపడ్డాయి.

"నేనేం చెప్తా సార్. ప్రార్థన చేసుకొని తీస్కోండ్రి. దేవుడు మనసుల ఏది పెడ్తే గది."

ఆయన నా మాటను నిజంగానే తీసుకున్నాడు. అక్కడే, ఇనుప సామాన్ల మధ్య నిలబడి కళ్లు మూసుకుని తల వంచాడు. కొట్టాయన ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు. నేను కూడా తల వంచాను. ఆ రెండు నిమిషాలు నాలుగడుగుల బ్లేడు వైపే చూస్తూ ఉన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. "ఐదడుగులదే అన్నా. మనసులో సమాధానంగా, నెమ్మదిగా ఉంది."

"ఆమెన్" అన్నాను.

ఇంటికి వచ్చి నా భార్యకు ఆ కథ నవ్వుతూ చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపింది. "గంత తెలిసినోడివి, నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అంది. ఆయన దేవుణ్ని అడిగాడు కదా, నేనెందుకు మధ్యలో అన్నాను. "నీతోని చెప్పించేటందుకే దేవుడు నిన్ను తోలిచ్చిండేమో" అని మళ్లీ పనిలో పడింది.

శనివారం పది మంది సహోదరులం స్థలంలో చేరాం. మొదటి సాలులోనే పెట్టె నిండింది, ఇంజను మూలిగింది, ముందు చక్రాలు జానెడు లేచాయి. ఎవరో ఇద్దరు బరువు కోసం ముందు బంపరు మీద ఎక్కి నిలబడ్డారు. అప్పుడు వెనక టైర్లు జారి నేలను తవ్వాయి. బ్లేడు ఒకచోట లోతుగా కోసింది, ఒకచోట గట్టు పోసింది. సాయంత్రానికి స్థలం పొద్దున ఉన్నదానికంటే అధ్వానంగా తయారైంది. "హజీరాల గిట్లనే చేస్తరా సార్?" అని ఒకడు నవ్వాడు. ఇంజినీరు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. నాకు లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం సాతానుదని తెలుసు. తెలిసీ అనుభవించాను.

ఆ వారం ఫోన్ ప్రార్థనలో ఆయన వంతు వచ్చింది. ఆయన నోరు విప్పలేదు. ఈసారి వచ్చిన నిశ్శబ్దం వేరు. మర్నాడు పాస్టర్ గారు నాకు ఫోన్ చేశారు. మొదటి ఆరాధనకు ఆరంభ ప్రార్థన ఇంజినీరు గారు చేయలేనన్నారట, నేను చేయాలట. నేను ఎదురుచూసిన మాట అదే. ఆ రాత్రి భోజనం బాగా రుచించింది. అద్దం ముందు నిలబడి ఎత్తుగడ వాక్యాలు కూడా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే యేసు చెప్పిన ఉపమానంలోని పెద్ద కొడుకు గుర్తొచ్చాడు. తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు జరుగుతుంటే లోపలికి రానని గుమ్మం బయటే నిలబడ్డ పెద్ద కొడుకు. ఆ భాగం మీద నేను చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. ఎప్పుడూ ఎదుటివాళ్లనే ఆ గుమ్మం బయట నిలబెట్టాను.

మరుసటి మధ్యాహ్నం సైకిలు తీసుకుని స్థలానికి వెళ్లాను. గట్లు పారతో కొద్దిగా సర్దుదామని అనుకున్నాను. అక్కడ ఇంజినీరు ఒక్కడే ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, పారతో ఆ గట్లనే కొడుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నన్ను చూసి ఆగాడు.

తాను దేవుడు చెప్పాడనుకున్నది తన మనసే చెప్పిందన్నాడు. ఎండాకాలంలో ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చినప్పుడు, పాపను ఆసుపత్రిలో చేర్చాలా ఇంట్లోనే ఉంచాలా అని ప్రార్థన చేసి, ఇలాంటి సమాధానాన్నే నమ్మి ఇంట్లో ఉంచాడట. పాప కోలుకుంది. "అదీ గుడ్డిగానే జరిగిందేమో అన్నా. ఏది ఆయన మాటో, ఏది నాదో ఇప్పుడు తెలీట్లేదు" అన్నాడు.

అప్పటిదాకా నేను ఆయన బ్లేడు పనిని మాత్రమే చెడగొట్టాననుకున్నాను.

"సార్, జర నా మాట వినుండ్రి" అన్నాను. "గా నాలుగడుగులదే పనికొస్తదని నాకు గప్పుడే తెల్సు. ఏడేండ్లు ట్రాక్టర్ నడిపిన నేను. మీరు అడిగిండ్రు, నేను చెప్పలే."

"ఎందుకన్నా?"

"మీ మీద కుళ్లు."

ఆయన పార నేలకు ఆనించాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

"ఆమెన్ కూడా అన్నారు కదన్నా" అన్నాడు. పార పక్కన పడేసి, బార్డోలీ కొట్టు ఆరింటిదాకా తీసి ఉంటుందన్నాడు.

కొట్టాయన గొణిగి, చివరికి బ్లేడు మార్చి ఇచ్చాడు. మర్నాడు ట్రాక్టరు నేనే నడిపాను. ముందు పళ్లు దించి నేలంతా పెకలించి, తర్వాత పళ్లు ఎత్తి పలకతో అడ్డంగా, నిలువుగా లాగాను. రెండు రోజుల్లో నేల అరచేయిలా అయింది. అందరూ మెచ్చుకున్నారు. ఇంజినీరు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేనే పాస్టర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఆరంభ ప్రార్థన నాకు వద్దన్నాను. ప్రభువు బల్ల దగ్గరికి రావాలో వద్దో ఆయన నన్నే పరీక్షించుకోమన్నారు.

ఆదివారం ఇంజినీరే ప్రార్థన చేశాడు. పొట్టిగా, తడబడుతూ చేశాడు. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడినట్టు లేదు. మాలాగే అడిగాడు. నేను ఇన్నాళ్లు కుళ్లుకున్న ఆ గొంతు అందులో ఎంత వెతికినా దొరకలేదు.

ద్రాక్షరసం పోసిన కాగితపు కప్పుల పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కకు పంపాను. ముప్పై ఏళ్లలో అది మొదటిసారి. అందరూ తాగాక తల ఎత్తి చూస్తే, రెండు వరుసల ముందు ఇంజినీరు కప్పు ఇంకా చేతిలోనే ఉంది. కుర్చీలో వెనక్కి తిరిగి నా వైపు చూస్తున్నాడు. తాగడం లేదు. పాట మొదలైనా తాగలేదు, నా కోసం ఆగాడు.

ఆ ఓపిక చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. నాకైతే అంతసేపు ఆగడం చేతకాదు. లేచి, ఆ చదును నేల మీద పళ్లెం ఉన్నచోటికి నడిచి, ఒక కప్పు తీసుకున్నాను.