సైడింగు కట్ట మీద నడక దారి

సన్మానాల్లో కప్పే శాలువాల గురించి మన దేశంలో ఎవరూ నోరు విప్పరు. కప్పుకుంటే చలి ఆగదు, తుడుచుకుంటే చెమట పీల్చదు. దుప్పటి అనుకుందామంటే కాళ్ళు బయట ఉంటాయి, తువ్వాలు అనుకుందామంటే జరీ గుచ్చుకుంటుంది. మడత నలగకుండా దాచి ఇంకొకరికి కప్పడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. నా జీవితంలో ఒకే ఒక్క శాలువా వచ్చింది నాకు. పట్టాలు లేని రైలు కట్టని నడక దారి చేసినందుకు మా ఊరివాళ్ళు చేసిన సన్మానం అది. చేసినవాళ్ళూ చేయించుకున్నవాళ్ళూ ఒకరే కావడం వల్ల సభ త్వరగా ముగిసింది.

మా ఊరు ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, దెందులూరు దాటాక వస్తుంది. నేను గూడెంలో ఒక కాలేజీలో కామర్సు చెప్పేవాణ్ణి. మా స్టేషను పక్కనుంచి ఒక పాత సైడింగు లైను బియ్యం మిల్లు దాకా మైలున్నర పొడుగున పోయేది. మిల్లు నడిచిన రోజుల్లో గూడ్సు పెట్టెలు ఖాళీగా లోపలికి వెళ్ళి బస్తాలతో తిరిగొచ్చేవి. మిల్లు మూతపడ్డాక పట్టాలు ఎవరివో వాళ్ళు కాగితాలు చూపించి పీక్కుపోయారు. స్లీపర్లని మా ఊరివాళ్ళు కాగితాల అవసరం లేకుండానే తీసుకున్నారు. నాలుగిళ్ళ గుమ్మాలూ, రెండు పశువుల పాకల దూలాలూ, టీ కొట్టు ముందు బల్లా ఆ లైనువే. మిగిలింది కట్ట. రెండు పక్కలా వరిచేలు, మధ్యలో మనిషెత్తు కట్ట, కట్ట మీద కంకర, కంకర నిండా సర్కారు తుమ్మ.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో అందరికీ కలిసికట్టుగా షుగరు వచ్చింది. ఏ విషయంలోనూ కలవని వాళ్ళు ఏలూరులో ఒకే డాక్టరు దగ్గర వరసగా కూర్చునేవాళ్ళం. ఆయన అందరినీ నడవమనేవాడు. నడవడానికి మాకున్నది హైవే ఒక్కటే. దాన్నప్పుడే నాలుగు వరసలు చేశారు. అంచేత షుగరుతో పోవాలా లారీతో పోవాలా అన్నది ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోవలసి వచ్చేది.

నాకు ఒకటో తరగతి చెప్పిన టీచరమ్మ గారి విషయంలో ఆ నిర్ణయం ఒక మోటారు సైకిలు తీసుకుంది. మిషను స్కూల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ వెళ్ళే చర్చి మూతపడ్డ మిల్లు వెనకాల ఉంది. ప్రతి ఆదివారం బైబిలు సంచీ భుజాన వేసుకుని హైవే వారనే నడిచి వెళ్ళేవారు. ఒక ఆదివారం మోటారు సైకిలు రాసుకుపోయింది. తుంటి విరిగింది, లోపల రాడ్డు వేశారు. ఆ మంచంలో ఉండగానే షుగరు పుండు పడి కుడికాలి వేలొకటి తీసేశారు. అప్పటినుంచి షుగరు కాళ్ళకి వేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు లేకుండా ఇంట్లో కూడా అడుగు వెయ్యద్దని డాక్టరు ఆజ్ఞ. ఇంకోసారి కాలికి ఏదైనా గుచ్చుకుంటే వేలితో ఆగదని కూడా చెప్పాడట.

రెండేళ్ళుగా ఆవిడని ఆటోలో చర్చికి తీసుకెళ్ళి తీసుకొస్తున్నారు. ఆవిడకి అది నచ్చలేదు. వెళ్ళి పలకరించినప్పుడు నాతో ఒకటే మాట అన్నారు: "బస్తాని ఎక్కించినట్టు ఎక్కిస్తున్నార్రా నన్ను. దింపేటప్పుడు లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం ఒక్కటే తక్కువ." క్రిస్మస్ ముందు ఆదివారానికి తన కాళ్ళ మీద చర్చికి వెళ్ళాలని ఆవిడ పంతం. ఆ సంగతి పాస్టరు గారికి కూడా చెప్పేశారు. చెప్పాక వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకి స్కూల్లోనే లేదు.

సైడింగు కట్ట సరాసరి ఆ చర్చి వెనక గోడ దగ్గరికే పోతుంది. కట్టని బాగుచేసుకుంటే లారీల బాధ ఉండదన్న ఆలోచన ఆవిడదే. టీ కొట్టు బల్ల మీద కూర్చుని నేను దాన్ని నలుగురికీ చెప్పాను, కాబట్టి ఆలోచన నాదైపోయింది, నేను కార్యదర్శినయ్యాను. అధ్యక్షుడు పదిహేనెకరాల రైతు, మా పెద్దాయన. సాంకేతిక సలహాదారు మా పక్కింటి రిటైరైన రైల్వే గ్యాంగ్‌మేను. కట్ట కింద నేల మిల్లుది, మిల్లు వారసులు ఆరుగురు. వాళ్ళకి ఒకరితో ఒకరికి మాటల్లేవు. అంచేత మాకు అనుమతి ఇవ్వడానికి గానీ, వద్దనడానికి గానీ కలిసి సంతకం పెట్టే ప్రమాదం లేదు. మేము ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. జవాబు రాకపోతే లైను క్లియరని గ్యాంగ్‌మేను తీర్మానించాడు.

కొల్లేరులో చేపల చెరువుల గట్లని సర్కారు కొట్టేయించిన వేసవి అది. అక్కడ గట్లు పడగొడుతుంటే ఇక్కడ మేము గట్టు బాగుచేసుకుంటున్నాం. ముదినేపల్లి నుంచి వచ్చిన మా బావమరిది ఇది చూసి, మీ ఊరికి వార్తలు రావా అని అడిగాడు.

రోజూ పొద్దున్న గంటన్నర పని. తుమ్మలు కొట్టాం, కంకర ఏరి పక్కలకి పోశాం. టీచరమ్మ గారు కుర్చీ వేయించుకుని కట్ట మొదట్లో కూర్చునేవారు. ఆవిడ చూపు పడినంత మేర ముల్లన్నది మిగల్లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఆవిడ చేత గోడ కుర్చీ వేయించుకున్న వాళ్ళమే సగం మందిమి, వంగమంటే వంగాం. గ్యాంగ్‌మేను మాత్రం చివరిదాకా దాన్ని దారి అనలేదు, లైనే అన్నాడు. సుత్తి పట్టుకుని తిరుగుతూ ఎక్కడ కుంగిందో, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో చూసేవాడు. లేని బండి కోసం అంత జాగ్రత్త పడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పెదవేగి వైపు పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్లు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎర్ర గ్రావెలు తెచ్చి పోశాయి. నీళ్ళు చల్లి, రోలరు తిప్పాం. రెండు వారాల్లో కట్ట సిమెంటు గచ్చులా గట్టిపడింది.

అప్పుడే నాకు కొంత అనుమానం రావలసింది. అధ్యక్షుడు రోజూ సాయంత్రం వచ్చి, మడమతో నేలని నొక్కి చూసి, చాలా తృప్తిగా తల ఊపేవాడు. నడిచేవాడు కాదు, నొక్కేవాడు. రెండు పక్కలా చెట్లు వేద్దామని టీచరమ్మ గారు అంటే, నీడ పడుతుందండీ అన్నాడు. నడక దారికి నీడ పడితే నష్టమేమిటని ఎవరూ అడగలేదు. కమిటీలో ఏడుగురం, ఏడుగురమూ చేలున్నవాళ్ళమే. చెట్ల ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయింది. నేను కూడా చెయ్యెత్తాను. ఎందుకు ఎత్తానో నా బుర్రకి అప్పటికి తెలియదు గానీ, చేతికి తెలుసు.

వానలు తగ్గుముఖం పట్టగానే టీచరమ్మ గారు నడక మొదలుపెట్టారు. చేతికర్ర, ఎంసీఆర్ చెప్పులు, పక్కన ఎవరూ ఉండకూడదన్న షరతు. మొదటి వారం స్టేషను గోడ దాకా. దసరా నాటికి మొదటి తూము. దీపావళి తరవాత రెండో తూము. అక్కణ్ణుంచి మిల్లు గేటు కనిపిస్తుంది, గేటు వెనక చర్చి శిలువ కనిపిస్తుంది. ఇంక అర మైలు. రోజూ సాయంత్రం తూము మీద కూర్చుని ఆ శిలువని, అది బాకీ ఉన్నట్టు, కాసేపు చూసి తిరిగొచ్చేవారు.

ఆ ఏడే మా వైపు కోత మిషన్లు దిగాయి. మిషను పొద్దున్న చేలో దిగితే మధ్యాహ్నానికి వడ్లు ట్రాక్టర్లో ఉంటాయి. కానీ తడి వడ్లు. ఆరబెట్టాలి. పూర్వం కోసి, కుప్ప వేసి, నిదానంగా నూర్చేవాళ్ళం కాబట్టి ఊరుమ్మడి కళ్లం సరిపోయేది. ఇప్పుడు అందరి వడ్లూ ఒకే రోజున తడిగా వచ్చి పడ్డాయి. డెల్టా రైతుకి గట్టిగా, చదునుగా, ఎత్తుగా, నీడ లేకుండా ఉన్న జాగా కనిపిస్తే అందులో ఇంకేమీ కనిపించదు. స్కూలు డాబా అయినా అంతే, హైవే అయినా అంతే. అలాంటిది మైలున్నర జాగాని సొంత చేతులతో, సొంత ఖర్చుతో, ఆరోగ్యం పేరు చెప్పి తయారుచేసుకున్నాం.

ముందు అధ్యక్షుడు, ఏవండీ ఒక్క చివర, ఒక్క రెండు రోజులండీ అన్నాడు. మూడో రోజుకి కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చగా మెరుస్తోంది. గ్యాంగ్‌మేను ఒక్కడే అభ్యంతరం చెప్పాడు, లైను బ్లాకు చెయ్యాలంటే ముందు కబురివ్వాలని. మర్నాడు వాళ్ళ అల్లుడి వడ్లు కూడా వచ్చాయి.

నడక మాత్రం ఆపలేదు మేము. వడ్లని గంటకోసారి తిరగెయ్యాలి కదా. చెప్పులు విడిచి, పాదాలు ఈడ్చుకుంటూ, ఈ చివరికీ ఆ చివరికీ చాళ్ళు తీస్తూ నడిచేవాళ్ళం. కమిటీలో ఒక్కొక్కరం రోజుకి ఆరేడు మైళ్ళు నడిచాం. ఆ నెల ఏలూరులో డాక్టరు నా రిపోర్టు చూసి ఆశ్చర్యపోయి, ఏం చేస్తున్నారండీ అని అడిగాడు. వాకింగు అని చెప్పాను. వడ్లలో అని చెప్పలేదు.

టీచరమ్మ గారి సంగతి ఎవరికీ గుర్తులేదా అంటే, ఉంది. రోజూ ఎవరో ఒకరు, పాపం ఆవిడ అనేవాళ్ళు. అని, పాదం ఈడ్చేవాళ్ళు. చర్చి వైపు చివరి అర మైలు మీద ఉన్న వడ్లలో మొదటి పాతిక బస్తాలు మావే. క్రిస్మస్ ముందు ఆదివారం లోపల ఎత్తేద్దామని నేను చాలా గట్టిగా అనుకున్నాను. ఆ అనుకోవడం ఆదివారం పొద్దుటి దాకా గట్టిగానే ఉంది.

ఆ ఆదివారం ఎనిమిదింటికి ఆవిడ వచ్చారు. తెల్ల చీర, భుజాన సంచీ, చేతికర్ర. ఇటు చివర వడ్లు ముందు రోజే ఎత్తేశారు కాబట్టి రెండో తూము దాకా ఒక్కరే నడిచి వచ్చేశారు. నేను తూము అవతల, పంచె ఎగ్గట్టుకుని, మా వడ్లలో చాళ్ళు తీస్తున్నాను. నా వెనక అధ్యక్షుడు, ఆయన వెనక గ్యాంగ్‌మేను. ఆవిడ సరిగ్గా వడ్ల అంచు దగ్గర ఆగారు. చర్చిలో పాట మొదలైనట్టు మైకులోంచి వినిపిస్తోంది.

"దారేదిరా?" అన్నారు.

పక్కనుంచి రండి టీచర్ గారూ అన్నాను. పక్కన మేమే ఏరి పోసిన కంకర ఉంది, దాని కింద వాలు ఉంది. ఆవిడ కంకర వైపు చూశారు, తన కర్ర వైపు చూశారు, ఒకటో తరగతిలో నా పలక వైపు చూసినట్టు నా వైపు చూశారు.

"చెప్పులు విడిచి మీదనుంచే వచ్చేయండమ్మా, మెత్తగానే ఉంటాయి," అన్నాడు అధ్యక్షుడు. మంచి మనసుతోనే అన్నాడు. చెప్పుకాలితో గింజని తొక్కడం మా వైపు గుడికి వెళ్ళేవాళ్ళు చెయ్యరు, చర్చికి వెళ్ళేవాళ్ళూ చెయ్యరు. ఆ మాట మాకు నేర్పిందీ ఆవిడే. చెప్పులు విడిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. వడ్లలో వరి గడ్డి మోడు ఒక్కటి గుచ్చుకుంటే చాలు.

ఆవిడ చెప్పులు విడవలేదు, వడ్ల మీద అడుగు వెయ్యలేదు. అలాగే నిలబడ్డారు.

గ్యాంగ్‌మేను గొంతు సవరించుకుని ఆటో పిలుస్తానన్నాడు. నేనే ఏదో ఒకటి అనాలి కాబట్టి, కార్యదర్శిని కాబట్టి, అర మైలు వడ్లండీ, ఇప్పటికిప్పుడు మనుషులెక్కడ దొరుకుతారు, ఎత్తాలంటే మధ్యాహ్నం దాటిపోతుందండీ, వచ్చే ఆదివారానికైతే తప్పకుండా అన్నాను.

ఆవిడ ఒకసారి తలెత్తి ఆకాశం వైపు చూశారు. మచ్చ కూడా లేని ఎండ.

"మబ్బు పడితే అరగంటలో ఎత్తేసేవాళ్ళు కదరా," అన్నారు.