అత్త పంట్లో ఇరుక్కున్నది

అక్కా, అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులు దొర్లినా ఏమీ అనుకోకు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది.

నా చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని మీ మరిది విశాఖ నుంచి పళ్ల సందుల్లోకి నీళ్లు చిమ్మే మిషను తెచ్చారు. వంటగట్టు మీద పెట్టి, దాని డబ్బాలో నీళ్లు పోసి స్విచ్చి వెయ్యాలి. ఈ సాయంత్రం నేను వాడుతుంటే అత్త వచ్చి నిలబడింది. డుంబ్రిగుడ సంతలో కొన్న మాంసం నేను వండిన దగ్గర్నుంచి, మూడు రోజులుగా ఆమె పన్ను సలుపుతోంది. ఉడకని ముక్క ఇరుక్కుందని ఊరంతా చెప్పింది. ఊట దగ్గర నీళ్లకు వెళ్తే ఆడవాళ్లు, "ఈ రోజైనా ఉడికిందేటే?" అని నవ్వుతున్నారు.

"ఏటే గుంటా అది? నా పంటికీ కొట్టీ. నీ కూర నువ్వే తియ్యాల" అంది అత్త.

"నోరు గట్టిగా ముయ్యకత్తా. నీళ్లు బేసిన్లోకి వదిలీ" అన్నాను.

నేను చెప్పడం, ఆమె వినడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. మిషను గుర్రుమంది. కాసేపటికి బేసిన్లో ఒకటి తేలింది. మాంసం కాదు, చీపురు పుల్ల ముక్క. రోజూ తిన్నాక ఆమె పళ్లు కుట్టుకునేది దానితోనే.

అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. "మాంసమే" అంది. పక్కింటికి వెళ్లి అక్కడా అదే చెప్పింది.

నువ్వైతే ఏమనేదానివో రాయి. ఈ ఉత్తరం మాత్రం చదవగానే పొయ్యిలో పెట్టేయ్. రుజువు పోతుందని బెంగపడకు, పుల్లను అగ్గిపెట్టెలో దాచాను.