చాయ్‌కి అనుమతి

ఫోన్లలో తెలుగు రాసుకునే కీబోర్డును ఉచితంగా తయారుచేసే మా గుంపుకు నియమాలు రాసింది నేనే. మేం పదిమందిమి, జీతాల్లేవు, అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు వాళ్లు ఆదివారాలు దయతలచి ఇచ్చే గది ఒకటి. మొదటి నియమం: ఎవరి మాటా ఆపరాదు. ఆ ముక్క రాసిన రోజు నాకే ఒళ్లు పులకరించింది.

తర్వాత పంజగుట్టలో డీటీపీ షాపు నడిపే తమ్ముడొకడు చేరాడు. గ్రూపు మెయిల్లో అతని మొదటి ఉత్తరం: "అన్నా, మీ కీబోర్డు తెరుచుకునేలోపు చాయ్ తాగి గ్లాసు సుత కడిగిన." కీబోర్డు తెరుచుకునే ఆ భాగం రాసింది నేను. ప్రతి వారం అదే పాట, అదే చాయ్. అందరూ నవ్వేవారు, నాకు ఒళ్లు మండేది.

గ్రూపు నిర్వాహకుణ్ణి కదా, 'చాయ్' అన్న మాటున్న ఉత్తరం ఏదొచ్చినా నా అనుమతి లేకుండా పోకూడదని ఒకరోజు మీట నొక్కేశాను. ఆపడం లేదు, పరిశీలిస్తున్నానంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఉత్తరాలు వచ్చిపడే పెట్టెను తెరిచిన పాపాన పోలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నా, అతనన్నది నిజమే. ఆదివారం సమావేశాలు కూడా ఆపేసి, నెలరోజులు తంటాలుపడి ఆ నత్తనడక బాగుచేశాను. ఆదివారం అందరి ముందూ చూపించి పోయిన పరువు తెచ్చుకోవాలని ఒకటే ఆరాటం. గ్రూపు మెయిల్లో పిలుపు పంపాను, ఎప్పటిలాగే చివర్లో 'అందరికీ చాయ్ ఉంటుంది' అని చేర్చి.

ఫ్లాస్కు, పది కుర్చీలు, నేను. గంటైనా ఒక్క పురుగు రాలేదు. ఈ విశ్వాసం లేని మనుషుల కోసమా నేను కళ్లు పోగొట్టుకుంది అని తిట్టుకుంటుంటే డీటీపీ తమ్ముడు తొంగిచూశాడు.

"ఇట్లనే పోతుంటే ఫ్యాన్ తిరుగుడు కనవడ్డది, వచ్చిన."

వీడేనా నాకు మిగిలింది అనుకుంటూనే కొత్త కీబోర్డు చూపించాను. తన ఫోన్లో వేసుకుని రెండుసార్లు తెరిచి, మూసి చూశాడు.

"మస్తయింది గదన్నా. ఆగు, గ్రూపుల రాస్త."

నాకు గుండె పొంగింది. నా ముందే టైప్ చేశాడు: 'అన్న కీబోర్డు అదిరింది, చాయ్ నోటికాడికి రాకముందే తెరుచుకుంది.' పంపి, ఫోనుకేసి చూస్తూ నొసలు ముడిచాడు.

"మళ్ల గదే, చాయ్ అన్న మాట ఉందంట, నిర్వాహకుడి అనుమతి కోసం ఆపిండ్రంట. ఎవడన్నా గీ నిర్వాహకుడు?"

కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడు తెలిసొచ్చింది. నా పిలుపు కూడా నా అనుమతి కోసం నా దగ్గరే పడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే," అన్నాను.

అతను నన్ను చూశాడు, ఫ్లాస్కును చూశాడు.

"అయితే జర అనుమతియ్యన్నా, ఒక గ్లాసు తాగుత."