ఝాన్సీ మానేసిన పని

2024లో నేను జగ్గయ్యపేటలో కమ్యూనిటీ ఆర్గనైజర్లకు శిక్షణ ఇస్తుండేదాన్ని. వరదొచ్చినా, తాగునీటికి కటకటైనా బయటివాళ్ల కోసం ఎదురుచూడకుండా ఊరు తనంతట తాను నిలబడేలా జనాన్ని కూడగట్టడం వాళ్ల పని. ఆ బ్యాచ్‌లో ఝాన్సీ ఉండేది. నందిగామ అవతల మునేరు ఒడ్డున వాళ్ల ఊరు. ఇంట్లో మిషను కుట్టుకునేది. రిస్క్ మ్యాప్, అంటే ఏ ఇల్లు ముందు మునుగుతుందో, ఏ ఇంట్లో నడవలేనివాళ్లున్నారో చూపే పటం, అందరికంటే శ్రద్ధగా గీసింది.

ఆ వానాకాలంలోనే మునేరు పొంగింది. పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడం, నీళ్లు కింది వీధి దాకా వచ్చేసినయ్. అందర్నీ స్కూలుకి చేరుస్తున్నా. సుబ్బారావు బాబాయ్ ఒక్కడే కదలనంటున్నాడండి."

"వదలకు. చెయ్యి పట్టుకుని తీసుకురా" అన్నాను.

తీసుకొచ్చింది. మధ్యాహ్నం ఆయన ఎవరికీ చెప్పకుండా గేదెల కోసం వెనక్కి వెళ్లాడు. రెండు రోజుల తర్వాత దిగువ పొలాల్లో శవం దొరికింది.

కబురు తెలిసి ఫోన్ చేశాను. "ధైర్యంగా ఉండమ్మా, నీ తప్పేం లేదు" అని పెట్టేశాను. ఊరంతటినీ కాపాడిన ఆర్గనైజర్ అని రిపోర్టులో రాశాను. ఆ రిపోర్టుల హడావిడి తీరి నేను ఆ ఊరికి వెళ్లేసరికి పన్నెండు రోజులైంది.

ఝాన్సీ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"బర్రెల్ని విప్పి వస్తానని బాబాయ్ అడిగాడండి. టైం లేదు, పదమని నేనే లాక్కొచ్చా. విప్పుకోనిస్తే ఐదు నిమిషాలు పట్టేదేమో."

"లాక్కురమ్మన్నది నేనేగా."

"మీరన్నారు మేడం. సాయంత్రానికి మీరు పేట వెళ్లిపోతారు. నేను రోజూ ఆ ఇంటి ముందునుంచే నడవాలి. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదండి. కుళాయి దగ్గర నన్ను చూస్తే ఖాళీ బిందెతో వెళ్లిపోద్ది, అంతే."

"పద, వెళ్దాం" అన్నాను. ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాం. ఆవిడ తలుపు తీసింది. కూర్చోమనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాం.

ఝాన్సీ ఆ పని మానేసింది. నేను బతిమాలలేదు. మనుషుల్ని ఎలా కాపాడాలో ఆమెకు నేర్పాను కానీ, ఒకరిని కాపాడలేకపోయాక అదే ఊళ్లో ఎలా బతకాలో నేర్పలేదు. నాకూ తెలియదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ ఆపద వచ్చినా రిపోర్టు పక్కనపెట్టి ముందు ఆర్గనైజర్ ఇంటికి వెళ్తున్నాను. వెళ్లి ఏం మాట్లాడాలో మాత్రం ఈరోజుకీ తెలియదు. పక్కన కూర్చుంటాను.