కుర్చీల మధ్య ఎక్స్‌ప్రెస్

మా పైవాటాలో ఉండే అమ్మాయిని వీధంతా ఎక్స్‌ప్రెస్ అంటుంది. నడక అలాంటిది మరి. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని నేను తలుపు తీసేలోపు మనిషి వీధి మలుపు తిరిగిపోయేది. ఆమెతో కబుర్లాడాలంటే గేటు దగ్గర ముందే కాపు కాయాలి. "ఆగవే, ఒక్క మాట" అంటే "నడుస్తూ మాట్లాడుకుందాం రండి పెద్దమ్మా" అనేది. నాకు మాటలు కావాలి గానీ నడక అక్కర్లేదు. అందుకే ఆమె సంగతులు చాలాకాలం నాకు సగం సగమే తెలిసేవి. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది, కాలేజీకి వెళ్ళే కూతురుంది. నా కళ్ళకి ఇంకా అమ్మాయే.

ఆమె పని యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఇస్త్రీ. ఒక పొడుగాటి గది. రెండు వరసల మిషన్లు, వాటి ముందు కుట్టేవాళ్ళు కూర్చుంటారు. చివర కిటికీ పక్కన ఇస్త్రీ బల్లలు, అక్కడివాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడతారు. నిలబడే పని ఎవరికీ ఇష్టం ఉండదు, ఈమెకి తప్ప. "కూర్చునే పని ఇస్తే వారంలో తుప్పు పట్టిపోతాను పెద్దమ్మా" అనేది. ఇస్త్రీ చేసిన చొక్కాలు కట్టకట్టి, ఆ చివరి నుంచి ఈ చివరికి మోసుకెళ్ళి పెట్టెల్లో సర్దేది కూడా ఆమే.

ఆ కార్ఖానాలో ఆడవాళ్ళకి ఒకటే బాత్రూం. అది సూపర్‌వైజర్ కుర్చీ వెనకాల. ఎవరు లేచి వెళ్ళినా ఆయన తలెత్తి ముందు మనిషిని చూస్తాడు, తర్వాత గడియారాన్ని చూస్తాడు. నోరు తెరిచి ఏమీ అనడు. అనకపోయినా ఆ చూపు చాలు. అందుకని అక్కడి ఆడవాళ్ళందరూ ఒక అలవాటు చేసుకున్నారు. పొద్దున్న ఇంటి నుంచి నీళ్ళ సీసా నింపుకుని వెళ్తారు, సాయంత్రం ఆ సీసాని నిండుగానే వెనక్కి తెచ్చుకుంటారు. తాగితే వెళ్ళాలి కదా. ఇస్త్రీ వేడిలో నిలబడే మనిషి కూడా అంతే. నీళ్ళు లేక, వచ్చినప్పుడు వెళ్ళక, విరేచనం రాయిలా గట్టిపడిపోయింది.

ఒక పొద్దున బాత్రూంలో గాజుపెంకుతో కోసినట్టయిందట. రక్తం కనిపించింది. బయట నుంచి కూతురు "అమ్మా, నాకు బస్సు టైమవుతోంది" అని తలుపు కొడుతోంది. ఈమె గోడ పట్టుకుని లేచి, నీళ్ళు పోసి, ముఖం కడుక్కుని, ఏమీ జరగనట్టు బయటికొచ్చింది.

ఆ రోజు ఎక్స్‌ప్రెస్ ప్యాసింజర్ అయిపోయింది. అడుగులో అడుగు వేసుకుంటూ కార్ఖానాకి చేరింది. సూపర్‌వైజర్ అందరి ముందూ "ఏంటమ్మా, ఏమైంది?" అని అడిగాడు. అప్పుడు ఆమె ఒంగి బల్ల కింద కట్ట తీస్తోంది, ఒక చెయ్యి మోకాలి మీద ఉంది. నోటికి అదే వచ్చింది.

"మోకాళ్ళండి."

అంతే. ఆ ఒక్క ముక్కతో పడాల్సిన గొళ్ళెం పడిపోయింది.

సూపర్‌వైజర్ మరీ చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులట. వెంటనే ఈమెని ఇస్త్రీ బల్ల నుంచి తప్పించి గుండీల మిషన్ దగ్గర వేశాడు. పైగా తన కుర్చీలో దిండు తీసి ఇచ్చాడు. "హాయిగా కూర్చుని చేసుకో" అన్నాడు. కూర్చోవడమంటే నిప్పు మీద కూర్చోవడమే అని ఆయనకెవరు చెప్తారు?

కబురు ఆమె కంటే ముందే ఇంటికొచ్చింది. గుండీల మిషన్ పక్కనామె మా వీధిలోనే ఉంటుంది, నాతో చెప్పింది. నేను వాళ్ళత్తగారితో చెప్పాను. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇంట్లో పట్టించుకునే నాథుడు లేడు. ఇప్పుడు కోడలికీ వచ్చాయనేసరికి ఆవిడ ముఖం వెలిగింది. నూనె వెచ్చబెట్టి సిద్ధంగా ఉంది. "రా, కూర్చో. ఇన్నాళ్ళూ నేను అబ్బా అంటే నవ్వారు కదా. ఇప్పుడు తెలిసిందా?" అంటూ ఆ మోకాళ్ళని పిండి పిసికినట్టు పిసికి పెట్టింది.

మొగుడు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. మంచివాడు, మాట తక్కువ. నడవనివ్వకుండా పొద్దునా సాయంత్రం స్కూటర్ మీద దింపడం మొదలుపెట్టాడు. మా వీధిలో గుంతలు ఎన్నున్నాయో ఆమెకి ఒళ్ళంతా తెలిసొచ్చింది. కూతురు వంటింట్లో ఒక ఎత్తు పీట వేసింది, అమ్మ కూర్చుని కూరలు తరగాలని. మలుపు దగ్గర సోడాల కొట్టతను ఆమెని చూడగానే లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా అరుగు మీద చాప పరిచి "కూర్చోవే, కూర్చో" అని చెయ్యి పట్టుకు లాగేదాన్ని. నిలబడే మాట్లాడేది. ఎంత బలవంతం చేసినా గోడకి ఆనుకుని, ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడేది.

అక్కడే నాకు అనుమానం పుట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. కుర్చీ కనబడితే పుట్టింటికొచ్చినట్టు కూలబడతారు. ఈమెకేంటి, కుర్చీ అంటే దెయ్యాన్ని చూసినట్టు జడుసుకుంటుంది?

ఆ ఆదివారం ఆమె బకెట్‌లో ఒకే ఒక్క తువ్వాలు వేసుకుని మేడ మీదికి వెళ్ళడం చూశాను. తువ్వాలు ఆరేయడానికి ఎంతసేపు కావాలి? నేను కూర పొయ్యి మీద పెట్టి, దించి, గిన్నెలు కడుక్కున్నా మనిషి కిందికి రాలేదు. ఇక నా కాలు నిలవలేదు. ఆయాసపడుతూ మేడ ఎక్కాను. చూద్దును కదా, నీళ్ళ ట్యాంకుల చుట్టూ గిరగిరా తిరుగుతోంది. ఎక్స్‌ప్రెస్సే. బోనులో పెట్టిన ఎక్స్‌ప్రెస్.

"ఏమే, మోకాళ్ళు?" అన్నాను.

ఆగిపోయింది. "పెద్దమ్మా, ఎవరికీ చెప్పకండి."

"ముందు చెప్పు, తర్వాత చూద్దాం."

"అలా అయితే చెప్పను."

నా నోటి సంగతి వీధి మొత్తానికి తెలుసు, ఆమెకి తెలియదా? తువ్వాలు మీద ఒట్టు వేయించుకుంది. అప్పుడు చెప్పింది. రక్తం చూసి భయపడి, ఏ మాయరోగమో అని ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిందట. మలద్వారం అంచున చిన్న చీలిక, మొలలు కూడా కాదు అందట డాక్టరమ్మ. నీళ్ళు బాగా తాగు, పళ్ళూ కూరలూ తిను, బలవంతంగా ముక్కొద్దు, వస్తే ఆపుకోకు, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కాసేపు కూర్చో, ఈ మందు రాయి అని చెప్పిందట. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకొకటి. "గంటల తరబడి కూర్చోకు. రోజూ నడువు. ఒళ్ళు కదిలితేనే లోపల కదులుతుంది." కొన్ని వారాల్లో మానకపోతే మళ్ళీ రమ్మంది, అవసరమైతే చిన్న ఆపరేషన్ అంది. ఆపరేషన్ మాట దగ్గర ఈమె ఆరేసిన తువ్వాలు తీసి మళ్ళీ పిండింది.

"మరి నడవచ్చు కదే."

"ఎక్కడ నడవను పెద్దమ్మా? గుమ్మం దాటితే స్కూటర్ స్టార్ట్ అవుతుంది. గదిలో తిరిగితే అత్తయ్య కూర్చోబెట్టి నూనె రాస్తారు. పొద్దున్న బాత్రూంకి వెళ్ళాలంటే ముందు రోజు నుంచీ భయం. భయంతో తినను, ఆపుకుంటాను. మళ్ళీ రాయవుతుంది. మళ్ళీ కోసుకుంటుంది. మళ్ళీ భయం. ఈ ట్యాంకుల చుట్టూ తిరిగినట్టే ఉంది నా బతుకు."

"నీ మొగుడికైనా చెప్పు."

"ఏమని? నోరు రావడం లేదు. గుండె జబ్బయితే గొప్పగా చెప్పుకుంటారు. ఇదెలా చెప్పను?"

నిజమే. మాట మార్చాను. "తొట్టి సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదా?" అన్నాను.

"అత్తయ్య అడిగారు. మోకాళ్ళకి కాపడం అన్నాను. బాత్రూం తలుపేసుకుని మోకాళ్ళెలా ముంచుతావే, పీట మీద కూర్చోవాలి, నేనొచ్చి పోస్తానుండు అని తలుపు కొడుతున్నారు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కూడా నొప్పే అని మధ్యలో ఆపేసింది.

ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. వారాలు గడిచాయి. కూర్చుని కూర్చుని గాయం మానకపోగా ముఖం పాలిపోయింది. అది చూసి మొగుడు ఇంకా భయపడ్డాడు. ఎవరో చెప్పారట, పెద్ద ఊళ్ళో మోకాళ్ళకి పేరున్న డాక్టరున్నాడని. అమ్మకీ భార్యకీ కలిపి చూపించేద్దామని అపాయింట్‌మెంట్ తీసుకుని, బస్సులో ముందు సీట్లు పట్టాడు. తనకి పనుంది, అత్తాకోడళ్ళే వెళ్ళాలి. పూట ప్రయాణం. ఆ మాట విన్నప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు ఉందే, బస్సెక్కమన్నట్టు కాదు, ఉరికంబం ఎక్కమన్నట్టుంది.

నేను ఊరుకుంటానా? "నాకు మాత్రం మోకాళ్ళు లేవా? నేనూ చూపించుకుంటాను" అని బయల్దేరాను.

బస్సెక్కాం. అత్తగారు కిటికీ పక్కన సర్దుకుని, పక్క సీటు చేత్తో దులిపి "రా" అంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఎక్స్‌ప్రెస్ కూర్చోలేదు. పైన కడ్డీ పట్టుకుని నిలబడింది.

బస్సు కదిలింది. కండక్టర్ వచ్చాడు. "సీటుంది కదమ్మా, కూర్చో."

"పర్లేదండి."

"నువ్వు నిలబడితే వచ్చేవాళ్ళకి దారేది?"

ముందు కూర్చున్న పెద్దాయన "బలవంతం చేసి కూర్చోబెట్టండమ్మా, కళ్ళు తిరిగి పడిపోతుంది" అన్నాడు. ఎవరో నీళ్ళ సీసా అందించారు. అత్తగారు కొంగో చెయ్యో దొరికింది పట్టుకుని కిందికి లాగుతోంది. "మోకాళ్ళు పెట్టుకుని ఏంటే ఈ మొండితనం?"

కూర్చుంది. బస్సు ఒక గతుకులో పడింది. ఆమె మళ్ళీ లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"అత్తయ్యా, నొప్పి మోకాళ్ళలో కాదు."

"మరి?"

"కూర్చునే చోట."

అత్తగారు కిటికీ నుంచి పూర్తిగా ఇటు తిరిగింది. ఆమె ఒంగి చెవిలో మిగతాది చెప్పింది. నేను వెనక నుంచి ముందుకి వంగాను గానీ వినక్కర్లేదు, నాకు తెలిసిందే. నేను చూడాల్సింది అత్తగారి ముఖం. ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఒడిలో పెట్టుకున్న తన రెండు చేతులూ చూసుకుంది.

"నెలంతా నీ మోకాళ్ళకి నూనె రాశాను కదే."

"రాశారు."

"చెప్పొచ్చు కదా."

"మొదటి రోజు మీరెంత సంతోషంగా ఉన్నారో చూశాక చెప్పలేకపోయాను."

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. తోడు దొరికిందనుకున్న మనిషి మళ్ళీ ఒంటరిదైపోయింది కదా, కోపం ఎటు పోతుందో అనుకున్నాను. అప్పుడావిడ వెనక్కి తిరగకుండానే, "వదినా, నీకు ముందే తెలుసు కదూ?" అంది. నేను సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ సీటు పట్టుకుని మెల్లగా లేచింది. "బాబూ, ఆపు. దిగుతాం."

"టికెట్ తీసుకున్నారు కదమ్మా."

"తీసుకుంటే? నీ బస్సులో కాపురం చేయాలా?"

దిగి ఇంటికి నడిచాం. ఊరు చివర దాకా వచ్చేశాం, దూరం బాగానే ఉంది. నిజంగా మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఒకరే కాబట్టి ముగ్గురం ఆవిడ అడుగే వేశాం. దారంతా ఆవిడ తిడుతూనే ఉంది. కోడలిని కాదు. కార్ఖానాని, ఆ గడియారాన్ని, స్కూటర్‌ని, చివరికి నూనెని. "మీ అబ్బాయికి ఏం చెప్తారు అత్తయ్యా?" అని అడిగితే, "ఆడవాళ్ళ సంగతి అంటాను. ఆ మాట విన్నాక వాడు ఇంకో ప్రశ్న వేస్తే నా కొడుకే కాదు" అంది.

వీధి మొదట్లోనే జనం మూగారు. అప్పుడే వచ్చేశారేంటి అని. సోడాల కొట్టతను అలవాటుగా కుర్చీ తెచ్చాడు. అత్తగారు అందరికీ వినబడేలా చెప్పింది. "డాక్టరు ఫోన్లోనే చెప్పేశాడు. కూర్చుంటే బిగుసుకుపోతాయట. రోజూ నడవాల్సిందేనట."

"మీరు కూడానా?" అన్నాడతను.

ఆవిడ నా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. వెనక్కి తీసుకునే దారి లేదు. "నేను కూడా" అంది నీరసంగా.

గొళ్ళెం పూర్తిగా ఊడిందని చెప్పను. వీధికి ఆమె ఇప్పటికీ మోకాళ్ళ మనిషే. ఇస్త్రీ బల్ల దగ్గరికి వేరే ఆమె వచ్చేసింది, కాబట్టి గుండీల మిషన్ తప్పలేదు. సూపర్‌వైజర్ "కూర్చోవడం మంచిదన్నారు, ఇప్పుడు నడవడం మంచిదంటారు, ఏది నిజం?" అంటాడట. గుండీలు కుట్టాల్సిన చొక్కాల కట్టలు ఎవరూ తెచ్చివ్వకుండా తనే లేచి తెచ్చుకుంటోంది. నీళ్ళ సీసా ఖాళీ చేసి, ఆయన చూస్తుండగానే లేచి వెళ్తోంది. ఆయన గడియారం వైపు చూస్తే ఈమె కూడా ఆగి చూస్తుందట, ఎంతయిందో తెలుసుకోవడానికన్నట్టు. గాయం మానుతుంది, ఒక్కోసారి మళ్ళీ రేగుతుంది. డాక్టరమ్మ ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు, అలాగని వద్దని కూడా అనలేదు. బాత్రూం తలుపు ముందు ఆమె ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

ఇదంతా రాస్తానంటే "రాయండి పెద్దమ్మా, మోకాళ్ళు అని మాత్రం రాయకండి. నాలాగే అబద్ధంలో కూర్చున్నవాళ్ళు ఎంతమందో" అంది. అందుకే నొప్పి ఉన్న చోటే రాశాను.

పొద్దున్నే ఇప్పుడు మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. మలుపు దాకా ఇద్దరూ అత్తగారి నడకే నడుస్తారు. అక్కడ కొట్టతను రెండు కుర్చీలు వేసి ఉంచుతాడు, ఎంత చెప్పినా వినడు. అత్తగారు ఒకదాంట్లో కూర్చుని, రెండో దాని మీద కాళ్ళు చాపేసుకుంటుంది. ఇక కోడలిని కూర్చోమనడానికి అతని దగ్గర ఏమీ మిగలదు.

"ఇక నువ్వు వెళ్ళు" అంటుంది ఆవిడ. ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది.