మూడూళ్ళ లీగూ, నా ఉద్దీ

నేను బంతిని తన్నడం చూసినవాళ్ళెవరూ నేను బంతిని తన్నినానని చెప్పరు, బంతే నన్ను తన్నిందని చెప్తారు. అట్లాంటి నన్ను ఫుట్‌బాల్ లీగు కమిటీలోకి పిలిచినారంటే దానికి ఒక్కటే కారణం. తోలుబంతి లోపలి బ్లాడరుకు సరిగ్గా గాలి పట్టించే పంపు ప్రొద్దుటూరులో మా సైకిల్ షాపులో ఉండేది. పంపును పిలిస్తే దాని వెనక నేను రాకుండా ఉంటానా. ఐదో తరగతి దాటకుండానే బడికి దండం పెట్టి బయటపడినవాణ్ణి, కమిటీ మెంబరంటే కుర్చీ వేస్తారనుకున్నా. తీరా మీటింగు మా షాపులోనే పెట్టినారు. ఉన్న రెండు బల్లలూ వాళ్ళకే చాలలేదు. మెంబరుగారు గొంతుక్కూర్చుని పంక్చరు వేస్తా మాటలు విన్నాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తలు అవి. మా పక్క బంతాట ఆడేవాళ్ళకు బూట్లు లేవు, ఉత్త కాళ్ళే. ప్రొద్దుటూరులో మిల్లు పనివాళ్ళ జట్టొకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి ఉండేవి. ఊరికీ ఊరికీ ఆట పెడితే బంతి కాసేపు ఆడేది, రాళ్ళు ఎక్కువసేపు ఆడేవి. ఒకసారి జమ్మలమడుగులో ఆట సగంలోనే మావాళ్ళు పెన్న ఇసకలో పడి పరుగెత్తుకుంటా వచ్చినారు. గోల్సెన్ని అయినాయని అడిగితే తలలు చూపించినారు.

అందుకని ఒక డ్రిల్లు మాస్టరు, రిటైరైన మనిషి, ఒక దారి చెప్పినాడు. మూడూళ్ళ ఆటగాళ్ళను ఒక కుప్ప చేసి, కలగలిపి నాలుగు జట్లు కట్టి లీగు ఆడిద్దామన్నాడు. ఎవరి జట్టులో ఎవరుంటారో తెలియనప్పుడు ఏ ఊరివాడు ఏ ఊరివాని మీద రాయి వేస్తాడు? అందరికీ నచ్చింది. అయితే ఆ కుప్పను పంచేది ఎట్లా అనే కాడికి వచ్చి కమిటీ బండి దిగబడింది.

"చీట్లేద్దాం. పేర్లు రాసి చెంబులో వేసి తీస్తే ఎవురికీ మాట రాదు," అన్నాడు డ్రిల్లు మాస్టరు.

పులివెందుల నుంచి వచ్చిన పెద్దాయనకు అది నచ్చలేదు. భూములున్న ఇంటి మనిషి, వాళ్ళ జట్టుకు బంతి కొనిచ్చేది ఆయనే. "చెంబు నాకు చెప్పేదేందప్పా? నాకు కావల్సినోళ్ళను నేను కోరుకుంటా. తక్కినోళ్ళను మీరు కోరుకోండి."

"అట్లయితే నీ చేన్లో పనిచేసేటోళ్ళంతా నీ జట్టే గదన్నా," అన్నాడు జమ్మలమడుగు మనిషి. "మాకు నీ ఎద్దులు మిగుల్తాయి."

"మీ ఆటకు అవి శానా ఎక్కువలే."

అప్పుడు గడప దగ్గర కూర్చున్న నా నేస్తం మెల్లగా, "చీట్లే మేలు సార్," అన్నాడు.

మీటింగుల్లో అతను నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు. దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. వాళ్ళ నాయన ఏకే విల్లు భుజాన వేసుకుని వేంపల్లె, మైదుకూరు తిరిగి పరుపులు కుట్టేవాడు. ఇతను ఊళ్ళోనే పత్తి మిల్లులో పనికి కుదిరినాడు. బంతాటలో బ్యాక్ ఆడేవాడు. అతని పక్కకు బంతి తీసుకుపోయేవాడు ముందు తన కాళ్ళు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని పోయేవాడు, తిరిగొచ్చి మళ్ళీ చూసుకునేవాడు. అదంతా ముందటి మాట. మిల్లులో గాలి నిండా ఎగిరే దూది నుసి అతని రొమ్ములోకి దిగింది. దగ్గు మొదలైతే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. పరుగెత్తొద్దని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినాడు. ఆ మాట నాకు తెలుసు. ఊరికి కూడా తెలుసు.

అతని మాట ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాకు ఒక ఉపాయం తట్టింది. "పిల్లోళ్ళ మాదిరి ఉద్దులు కోరుకుంటే ఏం పోతాది సార్?" అన్నా.

మా పక్క పిల్లోళ్ళు ఏ ఆటకైనా జట్లు పంచుకునేది ఉద్దులతోనే. సరిసమానంగా ఆడే ఇద్దరు జత కట్టుకుంటారు. ఒకనికొకడు ఉద్ది. ఆ ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని పక్కకు పోయి, గుసగుసగా చెరొక దొంగపేరు పెట్టుకుని వస్తారు. నాయకుల ముందర నిలబడి, "జొన్న కావాల్నా, కొర్ర కావాల్నా?" అని అడుగుతారు. ఎవడు జొన్నో ఎవడు కొర్రో నాయకునికి తెలియదు. కోరుకున్నవాడు ఈ జట్టుకు, రెండోవాడు ఆ జట్టుకు. అందుకే ఉద్దులు ఎంత ప్రాణమిత్రులైనా ఒక జట్టులో ఉండరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఆటలో ఒకడు దెబ్బ తగిలి బయటికొస్తే వాని ఉద్ది కూడా బయటికి రావల్ల. లేకుంటే తూకం చెడిపోతుంది.

మొదట అందరూ నవ్వినారు. మీసాలొచ్చినోళ్ళు మల్లెపువ్వు కావాల్నా, మొగలిపువ్వు కావాల్నా అని అడుక్కుంటారా అన్నారు. నవ్వి నవ్వి చివరికి ఆ కట్టుబాటుతో సహా అదే ఖాయం చేసినారు. చీట్లు వేస్తే మంచి ఆటగాళ్ళంతా ఒకే జట్టులో పడొచ్చు, ఉద్దులైతే అది జరగదు. ముఖం చూసి, కులం చూసి కోరుకునే వీలూ లేదు. డ్రిల్లు మాస్టరు నా భుజం తట్టి, "బడి మానేసి మంచిపని చేసినావురా, చెడిపోకుండా ఉండావు," అన్నాడు. నేను పొంగిపోయినా. మా నేస్తం లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

షాపు మూసి ఇద్దరం నడుస్తా పోతాంటే, "ఏం మామా, నీ చీట్లు వద్దన్నానని అలిగినావా?" అని అడిగినా.

"అలిగేదేముంది. నీ ఉపాయం బాగుండాది." కొంచెం దూరం పోయినాక నిలబడినాడు. "చీటీకి దగ్గు ఇనపడదు మామా. ఉద్దికి ఇనపడ్తాది."

నాకు వెంటనే ఎక్కలేదు. అతనే చెప్పినాడు. చెంబులోంచి పేరు వచ్చిందంటే ఇష్టమున్నా లేకున్నా ఆ జట్టు తీసుకోవల్ల. ఉద్దులంటే అట్లా కాదు, ఎవడో ఒకడు తనంతట తాను వచ్చి వీడూ నేనూ సమానమని పదిమంది ముందర భుజం మీద చేయి వేయల్ల. "ఎవుడేస్తాడు? ఈ ఎండాకాలం పోతే ఇంక నా కాళ్ళు లేవవని నాకు తెలుస్తానే ఉండాది. ఒక్క ఆట. మొదట్నుంచి కడాపటి విజిలు దాకా. అంతకంటే ఏం అడగను మామా."

"నీకు ఉద్దులు కరువా? కిరసనాయిలుకు నిలబడినట్టు వరస కడ్తారు చూడు," అన్నా. నా నోటికి అదే అలవాటు, ఏ మాటైనా నవ్వు తగిలించి గానీ బయటికి పంపదు. అతను నవ్వలేదు.

జట్లు పంచే పొద్దు మిల్లు వెనక మైదానంలోకి మూడూళ్ళ మనుషులు దిగినారు. బస్సు టాపు మీద కూర్చుని వచ్చినవాళ్ళు తలలో దుమ్ము దులుపుకుంటా ఉన్నారు. మాస్టరు విజిలు వేసి ఉద్దులు కట్టుకోమన్నాడు. ఇన్నేండ్లూ ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు వెతుక్కుంటా, "నాకు ఉద్ది నువ్వే గదప్పా," అని చేతులు వేసుకుంటాంటే చూసేదానికి బాగుండె.

జమ్మలమడుగులో ఒక ఫార్వర్డు ఉండేవాడు. ఒకప్పుడు అతన్ని ఆపగలిగింది మా నేస్తం ఒక్కడే. అతను నేరుగా మావాని దగ్గరికే వచ్చినాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎట్లుండాది అన్నా ఆరోగ్యం? మందులు తాగుతాండావా?" అని నిజమైన ప్రేమతోనే అడిగినాడు. అడిగి, పోయి ఇంకొకని భుజం మీద చేయి వేసినాడు. అతన్ని ఏమనగలం? మావాడు బాగానే ఉన్న లాగు నాడాను విప్పి మళ్ళీ ముడి వేసుకున్నాడు. అది అయిపోయినాక వేరే పని దొరక్క కాలితో నేల గీకుతా నిలబడినాడు.

"ఉద్ది దొరకనోళ్ళు ఎవురన్నా ఉండారా?" అని మాస్టరు అడిగినాడు. అడిగినాక ఎందుకు అడిగితినా అన్నట్టు పెట్టినాడు ముఖం.

నేను పంపు కింద పెట్టి పోయి మావాని భుజం మీద చేయి వేసినా. చొక్కా కింద ఎముకలే తగిలినాయి. మైదానమంతా ఒక్కసారిగా నవ్వింది.

పక్కకు పోయినాక అడిగినాడు. "నువ్వేంది?"

"నీ ఉద్దిని."

"నిన్న బంతి నీ కాళ్ళ సందులోంచి పోయి గోలైంది."

"గాలి కొట్టి పెంచింది నేనే గద మామా. గౌరవంగా దారిచ్చినా."

నవ్వబోయినాడు, అది దగ్గయిపోయింది. దగ్గు ఆగినాక అన్నాడు, "అందరూ నవ్వుతాండారు."

"నన్ను చూసి."

"కాదు. నీకు సమానమైనానని నన్ను చూసి."

నేలచూపులు చూస్తా, "పేర్లు ఏం పెడదాం?" అన్నా.

"దూది, గాలి."

"పంపు నాది, గాలి నేను."

"ఊహూఁ. గాలి నేను పెట్టుకుంటా. దాని కరువు నాకే ఉండేది."

ఇద్దరు నాయకుల ముందర నిలబడి దూది కావాల్నా గాలి కావాల్నా అని అడిగినాం. కోరుకునే వంతు వాళ్ళల్లో పులివెందుల పిలగానిది. "గాలినేం చేసుకుంటాం, దూది," అన్నాడు. నేను ముందుకొచ్చి వాని పక్కన నిలబడినా. వాడు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. రెండో జట్టువాళ్ళు మావాణ్ణి ఏమీ అనకుండా కొంచెం జరిగి చోటిచ్చినారు.

ఆ సాయంత్రమే మొదటి ఆట. మా జట్టుకూ అతని జట్టుకూ. మావాడు వెనక బ్యాక్‌లో నిలబడినాడు. ఆ జమ్మలమడుగు ఫార్వర్డు మా జట్టులో పడినాడు. వాడు బంతి తీసుకుని పోయినాడు, మావాడు అడుగు కదలకుండా చూసి చూసి, చివరి నిమిషంలో కాలు పెట్టి బంతిని తీసేసుకున్నాడు. అంత సుళువుగా. చుట్టూ నిలబడినవాళ్ళు నోరు మూసుకున్నారు. పొద్దున నవ్విన నోర్లే అవి. కాసేపటికి ఇంకోసారి తీసుకున్నాడు. అప్పుడు అతని ముఖం చూసినా. అతని పెండ్లిలో కూడా నేను ఆ ముఖం చూడలేదు.

సగం ఆట దాటినాక మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగడం మొదలుపెట్టినాడు. పెదాలు నల్లబడినాయి. తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు, తువ్వాలు వైపు చూడకుండా మడిచి నడుముకు దోపుకున్నాడు. మాస్టరు విజిలు నోటి దాకా తెచ్చి దించేసినాడు. పొమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, చెప్పినా పోయే మనిషి కాదు. బంతి మళ్ళీ అతని పక్కకు పోతాంది. అతను లేచి నిలబడి దాని వైపు చూస్తాండాడు, ఊపిరి మాత్రం అందడం లేదు.

బంతి నాకు ఎక్కడో దూరంగా ఉంది. నేను దబీమని కింద పడి చీలమండ పట్టుకుని అరిచినా.

మాస్టరు విజిలు వేసినాడు. ఉరుక్కుంటా వచ్చి నా కాలు చూసి, నా కండ్లలోకి చూసి, గట్టిగా అందరికీ వినపడేటట్టు చెప్పినాడు. "దెబ్బ తగిలింది. బయటికి. వీని ఉద్ది కూడా బయటికి."

మైదానం ఆ కొస నుంచి అతను నా వైపు చూసినాడు. తర్వాత మెల్లగా నడుచుకుంటా అందరి మధ్యలోంచి బయటికి వచ్చినాడు. ఎవడో చప్పట్లు కొట్టబోయి ఆపేసినాడు.

ఆ లీగు ఆ ఎండాకాలమంతా నడిచింది. రాళ్ళు పడలేదు, ఉద్దుల పద్ధతి బాగుందని మూడూళ్ళూ మెచ్చుకున్నాయి. నేను మళ్ళీ ఆట చూసేదానికి పోలేదు. అడిగినవాళ్ళకు పంపు మాత్రం ఇచ్చి పంపించేవాణ్ణి. మరుసటి పంట పత్తి మిల్లుకు వచ్చే కాలానికి మా నేస్తం లేడు.

ఆ సాయంత్రం మాత్రం ఇద్దరం మిల్లు గోడకు ఆనుకుని కూర్చున్నాం. మేము లేకుండానే ఆట సాగుతాంది, కేకలు వినపడతాన్నాయి. అతని ఊపిరి ఒక దారికి వచ్చేదాకా ఆగినా. ఎవరూ చూడకున్నా నేనింకా చీలమండ నిమురుకుంటానే ఉన్నా.

"కోపం పెట్టుకోవద్దు మామా," అన్నా. "ఇంకొంచెం సేపు ఆడింటే ఆడనే పడి సచ్చిపోయుండేవానివి."

అతను ఆట వైపే చూస్తా అన్నాడు: "సచ్చేదానికి నాకు ఇంకా పొద్దులుండాయి మామా. ఆడేదానికి ఈ పొద్దొక్కటే ఉండె. దాన్ని నువ్వు కుంటుకుంటా వచ్చి ఎత్తుకపోతివి."